చెంపదెబ్బల క్లాసు

కొత్తకోట
1962 ఫిబ్రవరి

బాపుకు నీ బిడ్డ దీనమ్మ దండాలు పెట్టి రాసే సంగతులు. ఇక్కడ అమ్మా, నేనూ బాగున్నాం. నందికొండ ఆనకట్ట పనిలో నీ ఒళ్లు కూడా బాగుందని తలుస్తాను. బాగున్నామని రాయమన్నది అమ్మే.

ఇంగ్లీషులో మార్కులెందుకు తగ్గాయని పోయిన ఉత్తరంలో అడిగావు. రాక కాదు బాపు. మా సారు ఇంగ్లీషు మాటల మధ్య ఒక చిన్న మాట వదిలేసి, అదేమిటో చెప్పమంటారు. మనం మనిషి మీద కోపపడతాం గదా, అందుకని అందరూ 'ఆంగ్రీ ఆన్' అంటారు. తెల్లదొరలు మనిషితో కోపపడతారట, 'ఆంగ్రీ విత్' అనాలి. పాముకు భయపడితే 'ఎఫ్రెయిడ్ ఆఫ్'. ఇవన్నీ జొన్నలు విసురుతూ బట్టీ పట్టాను. సరిగ్గా చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. మా క్లాసు రివాజు అది.

దసరా సెలవుల తర్వాత ఒకనాడు నేనొక్కదాన్నే చెప్పాను. కొట్టాల్సినవాళ్లలో పటేలు కొడుకు కూడా ఉన్నాడు. మెల్లగానే కొట్టాను. సాయంత్రం వాగు దగ్గర వాడూ, వాడి దోస్తులూ నన్ను కింద పడేసి తన్నారు. నోట్లో మట్టి కుక్కారు. "మళ్ల చెయ్యి లేస్తే మీ గుడిసె అంటిస్తం" అన్నాడు. కాలు జారి పడ్డానని అమ్మతో అబద్ధమాడాను.

అప్పటినుంచి తెలిసినా తప్పే చెప్పాను, పరీక్షలోనూ తప్పే రాశాను. వాడు పక్కవాడిని అడిగి జవాబు చెప్పి, రోజూ నన్ను కొట్టేవాడు. బలమంతా పెట్టి కొట్టేవాడు. ఒకరోజు ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది. దవాఖానకు తీసుకుపోతే ఆ చెవి ఇక వినబడదన్నారు. ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇదే.

అప్పుడు అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ ఏడవలేదు.

"నీకు వస్తదా, రాదా?"

"వస్తది."

"వస్తే చెప్పు. గుడిసె సంగతి నేను జూస్కుంట."

మొన్న చెప్పాను. వాడిని కొట్టాను, ఈసారి మెల్లగా కాదు. నిన్న పొద్దుగూకే వేళకు మన గుడిసె బూడిదైంది. ఆర్పడానికి పోయిన అమ్మను పటేలు మనుషులు కర్రలతో కొట్టారు, నుదురు చిట్లింది. చర్చి వరండాలో తలదాచుకున్నాం. ఇదీ మా బాగు.

నాకు భయంగా ఉంది బాపు. అయినా ఈ పొద్దున బడికి పోయాను. సారు నా వంక చూడకుండానే, "ఇయ్యాల్టి నుంచి కొట్టుడు లేదు" అన్నారు. నా చెవి పోయేదాకా సాగిన రివాజు ఇవాళ లేకుండా పోయింది. నాకు ఒళ్లు మండింది.

ప్రశ్న అడిగారు. ఎవరికీ రాలేదు. నేను లేచి చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు. నేరుగా పటేలు కొడుకు బెంచీ దగ్గరికి పోయాను. వాడు రెండు చేతులతో చెంపలు కప్పుకున్నాడు. ఆ చేతులు లాగేసి కొట్టాను.

నువ్వు తొందరగా రా. అమ్మ నుదుటికి గుడ్డ కట్టుకుని, గొడ్డలి ఒళ్లో పెట్టుకుని బడి గేటు దగ్గర కూర్చుంది. పరీక్షలయ్యేదాకా అక్కడినుంచి లేవనంటోంది.

ఇట్లు
నీ బిడ్డ
దీనమ్మ