స్పీకర్‌లో నవ్వు

శనివారం, రాత్రి

ఈరోజు పంజాగుట్టలో మా సినిమా వేసి చూపించారు. గల్ఫ్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్ల కథ. మాటలు రాసింది నేనే కాబట్టి, కువైట్‌లో అదే పని చేస్తూ సెలవు మీద వచ్చిన అక్కను వెంట తీసుకెళ్లాను. పనిమనిషి ఫోన్‌లో తల్లితో మాట్లాడుతూ ఏడ్చే సీన్ దగ్గర హాల్లో అందరూ ముక్కులు చీదుకున్నారు. గర్వంగా అక్క వైపు చూశాను. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

తర్వాత అమీర్‌పేట దాకా నడుస్తుంటే అక్క అంది: "గట్ల ఫోన్ల ఎవరేడుస్తరే? మేడమ్ పక్కనే కూసోని స్పీకర్ పెట్టమంటది. తెలుగు రాకున్నా ఏడుపు తెలుస్తది కద. ఏడిస్తే ఫోన్ గుంజుకుంటది. అందుకే నవ్వుకుంట మాట్లాడుతం."

ఫోన్ చేసినప్పుడల్లా అక్క ఎంత నవ్వేదో! పిల్ల సుఖంగా ఉందని అమ్మ వాడకట్టంతా చెప్పుకునేది.

డైరెక్టర్‌కి ఫోన్ చేసి, ఆ సీన్ మార్చుదామన్నాను. "ఆమె నవ్వితే జనం ఏడవరు కదండీ," అన్నాడు. తిట్టాలనిపించింది. కానీ అక్క నవ్వితే ఇంట్లో మేం మాత్రం ఏడ్చామా?

వచ్చే నెల అక్క మళ్లీ పోతోంది, అదే ఇంటికి. వద్దంటే, "ఈడ నాకెవరు పనిస్తరు, చెప్పు," అంది.

ఇందాక పక్క వేసుకుంటూ అంది: "ఇగ నీకు తెలిసిపాయె. ఫోన్ల నేను నవ్వితే నువ్వు సుత నవ్వాలె. సప్పుడు జెయ్యకుంటే మేడమ్‌కు అనుమానమొస్తది."

సరేనన్నాను.