నాలుగు మణుగుల కోడలు

ఎల్లారెడ్డి,
1938, భాద్రపద శుద్ధ విదియ.

కామారెడ్డిలోని వదినె సాలవ్వకు సుగుణమ్మ చెప్పి రాయించునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ మనుమడు భూమేశ్ మాత్రం ఏడుస్తున్నడు. నాలుగేండ్లు నిండినయి. దూడను కట్టేస్తే ఏడుస్తడు, విప్పితే ఏడుస్తడు. నిన్న కాకరకాయ కోస్తుంటే దానికి నొప్పి అయితదని ఏడ్చిండు.

ఊరూరు తిరిగే వైద్యుడొకాయన వస్తే అడిగిన. కడుపు రాకముందు తల్లి ఎంత తూగితే పిల్లల మనసు అంత గట్టిగ ఉంటదట. నీ బిడ్డ గంగమణి కాపురానికి వచ్చిననాడు బక్కది, ఇప్పుడూ బక్కదే. రెండోసారి కడుపు రాకముందే నాలుగు మణుగులు తూగాలె. బతుకమ్మ ఆడితే ఉన్న కండ కూడా కరుగుతది. అందుకే ఈసారి పండుగకు పంపను.

ఇట్లు,
నీ వదినె సుగుణమ్మ

తా.క. అవ్వా, రాసేది నేనే, గంగమణిని. ఈ ఇంట్ల చదువు నాకొక్కదానికే వచ్చు. నన్ను తిట్టి రాయించేటప్పుడు అత్త ముందుగాల పాలు తాగిస్తది.

*

కామారెడ్డి,
శుద్ధ సప్తమి.

వదినె సుగుణమ్మకు దండాలు. నా కొడుకు నర్సింహులుతో రాయిస్తున్న.

పెండ్లికి ముందు నా బిడ్డను చింతపండు కాంట మీద ఎక్కిస్తే నాలుగు మణుగులు తూగింది. తగ్గితే నీ ఇంట్లనే తగ్గింది. తిండి పెడుతున్నవా వదినె? నువ్వుల ముద్దలు, నెయ్యి పంపుతున్న. బిడ్డను చూసి మూడేండ్లాయె. ఈసారి పంపకుంటే నా పానం ఊరుకోదు.

ఇట్లు,
సాలవ్వ

తా.క. గంగమణీ, ‘బక్కది’ అని రాసిన కాడ కాగితం చినిగింది. కలం మీద కోపం ఎందుకు బిడ్డా?

*

ఎల్లారెడ్డి,
పున్నమి.

వదినెకు సుగుణమ్మ నమస్కారం.

మా ఇంట్ల తిండి లేదంటవా? నీ బిడ్డ పూటకు నాలుగు జొన్నరొట్టెలు తింటది. తిన్నది ఏడికి పోతదో దేవునికే ఎరుక. నీ ముద్దలు భూమేశ్ వాడకట్టు కుక్కలకు పంచి, ఆఖరి కుక్కకు అందలేదని ఏడ్చిండు. నిన్న కోడలిని మిరపకాయల కాంటకు ఎక్కించిన. మూడున్నర! నాలుగు అయ్యేదాక గడప దాటదు.

ఇట్లు,
సుగుణమ్మ

తా.క. అవ్వా, కొంగుల పసుపు నూరే రాయి కట్టుకొని ఎక్కిన. అయినా మూడున్నరే.

*

కామారెడ్డి,
బహుళ షష్ఠి.

వదినెకు,

నా బిడ్డ ఏమన్న మిరపకాయనా కాంటకెక్కించెటందుకు? అప్పగింతలనాడు దానికన్న ముందు ఏడ్చింది నీ కొడుకు. మరి ఆయన పుట్టకముందు నువ్వెంత తూగినవ్? అమాసనాడు నేనే వస్తున్న, కాంట వెంట తెస్తున్న. ముందు నువ్వెక్కాలె.

సాలవ్వ

తా.క. అక్కా, నేను నర్సింహులును. అవ్వ చెప్పిన దాంట్ల సగమే రాసిన. మిగతాది రాస్తే టపావాళ్లు తీసుకోరు.

*

ఎల్లారెడ్డి,
బహుళ ద్వాదశి.

అవ్వకు గంగమణి దండాలు. ఈసారి నా మాటలే రాస్తున్న.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించిన. పొద్దున నన్ను పంపెటందుకు తనే బండి కట్టించింది. భూమేశ్ ఏడుస్తడని అందరం వాని దిక్కే చూస్తున్నం. వాడు ఎద్దులతో ముచ్చట పెట్టిండు. బండి కదలంగనే అత్త గొల్లుమన్నది! ఏడు మణుగుల మనిషి, బండి పట్టుకొని ‘నువ్వు పోతే నాతోని మాట్లాడేటోళ్లు ఎవరే’ అన్నది.

‘మరి వైద్యుని మాట ఏందత్తా?’ అన్న.

‘ఆయన మోకాళ్లకు నూనె ఇచ్చి పోయిండు. బరువు ముచ్చట నేనే పుట్టించిన’ అన్నది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చినయి. బండి దిగిన. నువ్వు బయలుదేరకు, రేపు అత్త, నేను, భూమేశ్ ముగ్గురం వస్తున్నం. మాకన్న ముందు అక్కడికి వచ్చే మా వాడకట్టు పోచయ్యతోని ఈ ఉత్తరం పంపుతున్న.

నీ బిడ్డ,
గంగమణి

తా.క. వదినె, ఇది సుగుణమ్మ మాట. పండుగ అయినంక నా కోడలిని నేను తోలుకపోతుంటే నువ్వు ఏడ్వొద్దు. ఒకరు ఏడిస్తే నేను చూడలేను.