మట్టల ఆదివారం నాడు ముందు నడిచిన సారు

సంసోను అన్నకు, నీ చెల్లెలి వందనాలు.

మీ బడిలో ఇంగ్లీషు చెప్పే తెల్లాయన, ఎరిక్ సారును మా మట్టల ఆదివారం నడకకు పంపావు. నిజం చెప్పు అన్నా, ఆయన ఎవరి మనిషి? వచ్చీ రాగానే అందరి పేర్లూ అడిగాడు, ఫోటోలు తీశాడు.

ఈత మట్టలు పట్టుకొని పాడుకుంటూ చర్చికి బయలుదేరాము. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఏటా ఏం జరుగుతుందో నీకు తెలుసు. మగపిల్లల చొక్కాలు విప్పించి, భుజాల మీద తుపాకీ మోసిన మచ్చ ఉందేమోనని చూస్తారు. మా పెద్దోడు క్రిస్టోఫర్ భుజానికి కావడి మోసిన మచ్చ ఉంది. నిరుడు దానికే వాణ్ణి పొద్దుగూకే దాకా ఎండలో కూర్చోబెట్టారు.

ఈసారి ముందు నడుస్తున్న సారును చూడగానే దారి వదిలారు. పైగా అందరికీ చల్లటి నీళ్లు పోశారు. మా తోడికోడలు రిబ్కా నా చెవిలో, "గీయన వాళ్ల మనిషే అక్కా, లేకుంటే మనకు నీళ్లిస్తరా?" అన్నది. నేను ఆ నీళ్లు తాగకుండానే నడిచాను.

చర్చి దగ్గర అన్నాలు తినేటప్పుడు సారే వచ్చీరాని తెలుగులో అడిగాడు: "పోలీసులు చాలా మంచివాళ్లు. ఏటా నీళ్లు ఇస్తారా?"

ఆయన ముఖంలోకి చూశాను. పాపం, ఏమీ తెలియదు.

"అవ్ సారూ, ఏటా ఇస్తరు" అన్నాను.

నువ్వూ నిజం చెప్పకు. తెలిస్తే కోపంతో క్యాంపుకు పోయి అడుగుతాడు, ఇక ఆయన్ను ఇటు రానివ్వరు. వచ్చే ఏడు కూడా తప్పక పంపు. క్రిస్టోఫర్ పక్కనే నడిపిస్తాను.

నీ చెల్లెలు