ఓవెన్ డబ్బులు, ఒడిదొడుకులు

5 నవంబరు 2017, ఆదివారం
కొత్త నిర్ణయం! ఇకపై ఎక్కడ డబ్బు పెట్టినా "ఎంత వస్తుంది?" అని అడిగి ఊరుకోను. "దానికోసం ఎంత ఒడిదొడుకు భరించాలి?" అని కూడా అడుగుతాను. శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పే నేను ఇన్నాళ్లూ ఇది అడగకపోవడం విచిత్రమే. మా ఆయన బెన్హర్ ఇంట్లో కేకులు చేసి అమ్ముతాడు. ఈస్టర్‌లోగా పెద్ద ఓవెన్ కొనాలని దాచిన లక్షా ఇరవై వేలు నా చేతికిచ్చాడు.

12 నవంబరు
రెండు మ్యూచువల్ ఫండ్లు పోల్చాను. మొదటిది ఏడాదికి పదిహేడు శాతం ఇచ్చింది, రెండోది పదమూడు. ఏ భయమూ లేని బ్యాంకు డిపాజిట్టే ఏడు ఇస్తుంది. కాబట్టి అదనంగా వచ్చింది పది, ఆరు. కానీ మొదటిదాని ఊగిసలాట, అంటే రాబడి సగటుకు అటూ ఇటూ ఊగడం, ఇరవై శాతం, రెండోదానిది ఎనిమిదే. పదిని ఇరవైతో భాగిస్తే అర. ఆరును ఎనిమిదితో భాగిస్తే ముప్పావు. పడ్డ భయానికి తగిన ఫలం రెండోదే ఇచ్చింది! ఎంత హాయిగా ఉందో.
ఓవెన్ డబ్బు మాత్రం బ్యాంకులోనే. అయిదు నెలల్లో కావలసిన డబ్బు ఊగకూడదు.

3 డిసెంబరు
ఇల్లంతా క్రిస్మస్ కేకుల వాసన. నిన్న స్టాఫ్‌రూములో ఎకనామిక్స్ గణపతిరావు మాస్టారు అందరికీ టీ పోయించారు. ఏదో చిన్న పైపుల కంపెనీ షేరు కొన్నారట, ఒకటికి ఒకటిన్నర అయిందట. ఎంత ఊగుతుందని అడిగాను.
"ఊగడమేటమ్మా, పైకే ఎల్తంది."
నేను చలించలేదు. ధర ఒక్కసారే చూశాను. సాయంత్రం మరోసారి.

18 డిసెంబరు
సగం ఓవెన్ డబ్బు ఆ షేరులో పెట్టాను. సగమే. లెక్క కూడా వేశాను, గత మూడు నెలల్లో ఊగిసలాట దాదాపు లేదు. (పెరగడమే తప్ప పడని మూడు నెలలు. అది గమనించాను. పట్టించుకోలేదు.)

8 జనవరి 2018
లాభమే లాభం! మిగతా సగమూ పెట్టేశాను. బెన్హర్‌కు చెప్పలేదు. అనుకున్నదానికంటే పెద్ద ఓవెన్ తెచ్చి ఆశ్చర్యపరుస్తాను.

6 ఫిబ్రవరి
పడింది. నిన్నా పడింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. గణపతిరావు మాస్టారు సెలవు పెట్టారు.

11 ఫిబ్రవరి, ఆదివారం
శుక్రవారం ఎలాగో అమ్మేశాను. మిగిలింది డెబ్బై వేలు. ఈరోజు చర్చి నుంచి వచ్చాక బెన్హర్‌కు అంతా చెప్పాను. పిండి కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు.
"డబ్బు పోనాదని కాదే రూబీ. నాకు సెప్పకుండా ఎట్టినావు సూడు, అది బాగోలేదు."
ఏడ్చాను. అతను చేతులు కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత, డెబ్బై వేలకు ఏ ఓవెన్ వస్తుందో కనుక్కుందాం అన్నాడు.

4 మార్చి, ఆదివారం
పాతపట్నంలో ఒక బేకరీ మూసేస్తుంటే వాళ్ల పాత ఓవెన్ నిన్న వ్యానులో తెచ్చుకున్నాం. మొదటి వాయి బన్నులు ఒకవైపు మాడాయి. నవ్వుకుంటూ మేమే తినేశాం.
ఇవాళ్టి నుంచి మళ్ళీ అదే నిర్ణయం, ఈసారి ఇద్దరం. ఎక్కడ పెట్టినా ఇద్దరికీ తెలిసి, రెండు ప్రశ్నలూ అడిగాకే. బెన్హర్ వెంటనే మొదలుపెట్టాడు.
"అయితే ఈ ఓవెన్లో ఎట్టిన డబ్బుకి ఎంత వస్తాది? ఎంత ఊగుతాది?"
కాగితం తీశాను. ఏడాది అమ్మకాలు చూడందే లెక్క తేలదని చెప్పి తలెత్తేసరికి, ఈస్టర్ బన్నులకు రెండో వాయి పిండి కలిపేస్తున్నాడు.