పెన్సిల్‌తో రాసిన తారీకు

బావా,

నొప్పులు మొదలయ్యాయి. ఇంకా ఏడో నెలేనని చెప్పినా వినేలా లేవు. పక్కింటి అక్క ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తోంది. పొయ్యి ఆర్పేశాను, అన్నం ఉడకలేదు. నా రిపోర్టులు బీరువా మీదున్నాయి, పట్టుకురా.

కాన్పు తారీకు క్యాలెండర్లో పెన్సిల్‌తో రాశావు. ప్రభువు మార్చదలిస్తే మనం అడ్డం పడకూడదని ఏదైనా అలాగే రాస్తావు. ఇదొక్కటీ పెన్నుతో రాయాల్సిందని నీ మీద కోపమొస్తోంది. పెన్నుతో రాసినా ఆయన్ని ఆపలేమని నాకూ తెలుసు. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" దగ్గరే ఆగిపోతున్నాను. మిగతాది నువ్వు చెయ్యి.

ఆటో వచ్చింది.

ఇంకోమాట. వడ్రంగివై ఊరందరి తలుపులూ బిగిస్తావు, మన బిడ్డ ఉయ్యాల మాత్రం ఇంకా మూడు కాళ్ల మీదే ఉంది. వచ్చేముందు నాలుగోది బిగించు. ఆలస్యమైనా ఏమీ అనను.