ముందుగదిలోంచి లేచిన విమానం

2వ తేది

సహాయ విభాగం పెద్దలకు,

నలభై ఏళ్ళుగా చొక్కాలూ పంట్లాలూ కుడుతున్న ఒక దర్జీ నమస్కరించి రాసుకునేది. ముందు మీకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, ఆ తర్వాత సంగీతం పెట్టారు. ఒక చొక్కాకి కాలరు వేయడం పూర్తయింది గానీ మీ సంగీతం పూర్తవలేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

మీ కంపెనీ విమానం సామాను మూడూ కొన్నాను. ముక్కు పైకీ కిందకీ తిప్పే పిడి, వేగం పెంచే పిడి, కాళ్ళ కింద పెట్టుకునే పెడళ్ళు. నిన్న సాయంత్రం మొదటిసారి బయల్దేరాం. నా పక్కన మా ఆవిడ, వెనక వరసలో పక్కింటి లెక్కల టీచరు గారు, వాళ్ళ అత్తగారు. వేగం ఇచ్చానో లేదో, విమానం తాగినవాడిలా ఇటూ అటూ తూలింది. రన్‌వే దాటేసి, గట్టు దాటేసి, తిన్నగా వెళ్ళి సముద్రంలో పడ్డాం! టీచరు గారు చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పోయారు.

నాకు ఇది సరదా కాదండీ. ఈ నెల 24న మా మరదలి పెళ్ళి. యాభై ఆరేళ్ళకి కుదిరింది. పెళ్ళి దీవిలో. ఈ గాలుల రోజుల్లో అక్కడికి పడవలు తిరగవు, విమానం ఒక్కటే దారి. మా ఆవిడకి విమానమంటే చచ్చేంత భయం. పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది, ఒక్కసారి కూడా ఎక్కలేదు. ముందు నాతో నాలుగుసార్లు ఎక్కితే భయం తీరుతుందని టీచరు గారు సలహా ఇచ్చారు. ఇలా రోజూ సముద్రంలో పడేస్తే భయం తీరుతుందా, ప్రాణం తీరుతుందా? మీరే చెప్పండి.

ఇట్లు,
దర్జీ

తా.క.: టీచరు గారి అత్తగారు ఈసారి కిటికీ పక్కన కూర్చుంటానంటున్నారు.

*

4వ తేది

మాన్యులైన వినియోగదారు గారికి,

మీ ఉత్తరం చదివి నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా సెక్షను ఆఫీసరు గారికి ఇస్తే ఆయన చదివి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివారు.

నలుగురు మనుషులతో సముద్రంలో పడ్డారా? అందరూ క్షేమమేనా? ఎవరు బయటికి లాగారు? అయ్యా, మా సామాను ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించుకుని, తెర మీద విమానం నడుపుకోవడానికి తయారుచేసినది. దాన్ని నిజం విమానానికి బిగించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు మాటలు రావడం లేదు. విమానం ఎక్కడుందో అక్కడే ఆపండి. ఎవర్నీ ఎక్కించకండి. మీ చేతులు జోడించి, కాదు, నా చేతులు జోడించి అడుగుతున్నాను.

భవదీయురాలు,
సహాయ విభాగం, మూడో బల్ల

తా.క.: ఇది కంపెనీ మాట కాదు, నా సొంత మాట. ఆ పెద్దావిడని ఇంట్లోనే ఉంచండి.

*

6వ తేది

మూడో బల్ల గారికి,

మీ ఉత్తరం చూసి నేను నిలువునా నీరైపోయాను! నాకు నిజం విమానం ఎక్కణ్ణించి వస్తుందమ్మా? దాన్ని ఎక్కడ పెట్టుకుంటాను, బట్టలారేసుకునే డాబా మీదా? మా ముందుగదిలో బల్ల మీద కంప్యూటరు, దాని ముందు మా ఇద్దరి కుర్చీలు, వెనక ప్రయాణికులకి ఇంకో రెండు. పెద్దావిడకి అసలు కిటికీ పక్కనే వేశాను, గాలి వస్తుందని.

మీ భయం తీరింది కదా, ఇక నా సంగతి చూడండి. డబ్బాలో చెప్పినట్టే డ్రైవరు వేశాను. అది ‘పెడళ్ళు రెండూ ఆఖరుదాకా తొక్కి వదిలేయండి, మధ్యస్థానం నేర్చుకుంటాను’ అంది. తొక్కాను, నేర్పాను. అయినా తూలుడు పోలేదు. నిన్న మళ్ళీ సముద్రమే. టీచరు గారు రాలేదు గానీ వాళ్ళ అత్తగారు వచ్చారు.

పెళ్ళికి ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

ఇట్లు,
నేల మీదే ఉన్న దర్జీ

తా.క.: కొత్త మిషను కదా అని పెడళ్ళకి నాలుగు చుక్కలు నూనె వేశాను. మీరేం అనుకోకండి, అది మంచి నూనె.

*

8వ తేది

దర్జీ గారికి నమస్కారాలు.

మీరు ఇంట్లోనే పడుతున్నారని తెలిసి మా సెక్షన్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. డ్రైవరు అంటే మీ పిడులూ పెడళ్ళూ చెప్పే మాట కంప్యూటర్‌కి తెలిసేలా చేసే చిన్న ప్రోగ్రాము. పాతది పూర్తిగా తీసేయండి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టండి, మా వెబ్‌సైటులో ఉన్న కొత్త డ్రైవరు వేయండి. అది ‘వదిలేయండి’ అన్నప్పుడు పెడళ్ళ మీద ఏమీ ఉండకూడదు. ఏదైనా ఆనిందంటే, ఆ తొక్కుడే మామూలు స్థితి అనుకుని నేర్చుకుంటుంది.

ఒక్క ప్రశ్న. మీరు నేర్పుతున్నప్పుడు మీ కాళ్ళు ఎక్కడున్నాయి?

భవదీయురాలు,
మూడో బల్ల

తా.క.: నూనె వద్దు. ఏ నూనె అయినా సరే.

*

11వ తేది

అమ్మా మూడో బల్లా,

నువ్వు మా అమ్మాయి లాంటిదానివి, ఇంక ‘గారు’ రాయను. నువ్వడిగిన ఒక్క ప్రశ్నతో గుట్టు బయటపడింది. కిందకి చూసుకుంటే కాళ్ళు పెడళ్ళ మీదే ఉన్నాయి. ఉండటం కాదు, తొక్కుతున్నాయి! నేనేం చెప్పకుండానే! నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు కదా, కుర్చీలో కూర్చుంటే చాలు, వాటి పని అవి మొదలుపెడతాయన్న మాట. మా ఆవిడని అడిగితే, “నిద్రలో కూడా తొక్కుతారు. మంచం పట్టెలు రెండుసార్లు మార్పించాం కదా, ఎందుకనుకున్నారు?” అంది. ముప్పై ఏళ్ళుగా ఈ సంగతి నాతో ఒక్క ముక్క అనలేదు! ఈ ఇంట్లో నాకు తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో!

సరే, పెడళ్ళు తొక్కి వదలగానే కొలత టేపుతో కాళ్ళు కుర్చీకి కట్టించుకుని, నువ్వు చెప్పినట్టే నేర్పాను. 9న సాయంత్రం విమానం గీత గీసినట్టు వెళ్ళింది. నేల మీదే దిగాను కూడా. పెద్దావిడ చప్పట్లు కొట్టారు.

మర్నాడు చూడు నా ఖర్మ! వేగం పిడి ముందుకి తోస్తే వేగం పెరగాలి కదా? ముక్కు నేలకేసి వంగింది! ముక్కు లేపుదామని ఆ పిడి లాగితే ఇంజను ఆగిపోయింది. రెండు రోజుల్నించీ ఇదే వరస. మా ఆవిడ మాత్రం పైకి నిబ్బరంగా కూర్చుంటోంది. లోపల ఎంత వణికిపోతోందో పాపం.

ఇట్లు,
మీ దర్జీ బాబాయ్

తా.క.: నిన్న పడింది సముద్రమో చెరువో నేను చెప్పలేను, పడేముందు కళ్ళు మూసుకుంటాను. చెరువేనని మా ఆవిడ అంటోంది.

*

13వ తేది

దర్జీ బాబాయ్ గారికి,

మీ సామాను బాగానే ఉంది. తీగలు తారుమారయ్యాయి. వేగం పిడి తీగా, ముక్కు పిడి తీగా రంధ్రాలు మార్చి గుచ్చితే కంప్యూటరు దీన్ని చూసి అదనుకుంటుంది. ఏ తీగ ఏ రంధ్రంలో ఉండాలో గుర్తు పెట్టి, మళ్ళీ కదల్చకండి. మీరు కదల్చలేదంటే ఇంకెవరో కదిలిస్తున్నారు.

ఇంకో పని కూడా చేయండి. ప్రతి ప్రయాణం వివరం ఆ ప్రోగ్రాము తనంతట తనే రాసుకుంటుంది. ఆ పట్టీ అచ్చు తీసి నాకు పంపండి.

మీ,
మూడో బల్ల

తా.క.: మా సెక్షను ఆఫీసరు గారు రోజూ పొద్దున్నే రాగానే “దర్జీ గారు దిగారా, పడ్డారా?” అని అడుగుతున్నారు.

*

15వ తేది

అమ్మా,

ఘోరం! నా సుద్దముక్కతోనే తీగలకీ రంధ్రాలకీ గుర్తులు పెట్టాను. ఒకదానికి అడ్డగీత, ఒకదానికి సున్నా. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి చూద్దును కదా, సున్నా తీగ అడ్డగీత రంధ్రంలో ఉంది! పగలు ఇంట్లో మా ఆవిడ తప్ప పురుగు కూడా ఉండదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి మానేసిన మనిషి, బుద్ధిమంతురాలు. నేను లేకుండా ఆ బల్ల దరిదాపులకి కూడా రాదు. మరి ఎవరు మార్చారు? నాకేదో అనుమానంగా ఉంది, రాయడానికి కూడా భయంగా ఉంది.

ఇంక నావల్ల కాదు. టికెట్లు వాపసు ఇచ్చేస్తానని మా ఆవిడతో చెప్పేశాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్కగానొక్క చెల్లెలి పెళ్ళి చూసుకోలేకపోతే ఆ ఉసురు మీ కంపెనీకే తగులుతుంది. నువ్వడిగిన పట్టీ ఇందులో పెట్టాను. చీమతలకాయలంత అక్షరాలు, నేను చదవలేదు.

ఇట్లు,
దిక్కుతోచని దర్జీ

తా.క.: పెద్దావిడ తన పెట్టె కూడా తెచ్చుకున్నారు. కుర్చీ కింద సర్దాను.

*

17వ తేది

బాబాయ్ గారూ,

దయచేసి కూర్చుని చదవండి. పట్టీ చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మా సెక్షన్లో ఆరుగురమూ దాని చుట్టూ మూగాం.

10వ తేది నుంచి, పగలు పదింటికీ ఒంటిగంటకీ మధ్య, మీ ఇంట్లో ఎవరో విమానం నడుపుతున్నారు. ఆరు రోజుల్లో అరవై రెండు ప్రయాణాలు! మొదటి రోజు మూడు పడ్డాయి. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి పడలేదు. వానలో దించారు, ఎదురుగాలిలో దించారు, ఒక ఇంజను ఆపేసి మరీ దించారు. ఇక్కడ సామాను పరీక్షించే మనిషి, “ఆ ఆఖరుది నేను దించలేను” అని ఒప్పుకున్నాడు. బాబాయ్ గారూ, ఆ అరవై రెండూ వెళ్ళింది ఒకే చోటికి. మీ మరదలి దీవికి.

మీ ఇంట్లో పగలు ఉండేది ఒక్కరే అన్నారు. అంతకంటే నేను రాయలేను. టికెట్లు మాత్రం వాపసు ఇవ్వకండి.

మీ,
మూడో బల్ల

తా.క.: మీ సాయంత్రం ప్రయాణాలు పద్దెనిమిది. ఒకటి నేల మీద దిగింది, పదహారు సముద్రంలో పడ్డాయి. మిగిలిన ఒకటి చెరువే, పిన్నిగారు చెప్పింది నిజం.

*

26వ తేది

చిరంజీవి సౌభాగ్యవతి మూడో బల్లకు,

దర్జీ గారి భార్య ఆశీర్వదించి రాస్తున్నది. నీ ఉత్తరం పగలు వచ్చింది కాబట్టి ముందు నేనే చదివాను, తర్వాత ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి నోరు తెరిచేశారు. నేను నడిపేశానని కాదమ్మా. తన సంగతి బయటపడిపోయిందని.

తీగలు మార్చింది నేనే. ఎక్స్‌ఛేంజిలో మాట అవగానే తీగ పీకెయ్యాలి. ఇరవై ఆరేళ్ళు అదే పని. ఇప్పటికీ ఏదైనా పని ముగిసిందంటే ముందు నా చెయ్యి తీగ మీదకే పోతుంది. రోజూ పీకేసి చుట్టచుట్టి పెట్టేదాన్ని. నేను నడిపేటప్పుడు తీరిగ్గా చూసి గుచ్చుకునేదాన్ని గానీ, ఆయన వచ్చే వేళకి ఏది ఎక్కడో చూడకుండా గబగబా గుచ్చేసేదాన్ని. ఆ సుద్ద గీతలు నేను చూడనే లేదు.

భయం నాది కాదు, ఆయనది. పెళ్ళయిన కొత్తలో ఒక ప్రయాణం వచ్చింది. ఆయన “మా ఆవిడకి విమానమంటే భయమండీ” అనేశారు. మగమనిషి, నలుగురూ నవ్వుతారని నేనూ ఊరుకున్నాను. అంతే, అప్పటినుంచీ అదే నిజమైపోయింది. ఎవరు పిలిచినా అదే జవాబు. నన్ను పెంచిన మేనత్త పోయేముందు ఒక్కసారి చూడాలంది. విమానమైతే అందుకునేదాన్ని. “నువ్వు భయపడతావు కదే” అని రైలెక్కించారు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్కడందరూ నన్ను చూసి, ఇంత పిరికిదేమిటీ అనుకున్నారు. ఆ మంట ఇవాళ్టికీ చల్లారలేదు.

ఆయన మీద కోపం లేదనను. కానీ మీ సామాను పాడైందన్న ప్రతిసారీ ఆయన మొహంలో ఒక నిశ్చింత కనిపించేది. అది చూసే పంతం పట్టాను. ఏ చప్పుడు చక్రాలది, ఏ ఊపు గాలిది, అన్నీ నేర్చేసుకుని పక్కన కూర్చుని చెబితే, ఈ మనిషి ఎక్కక ఎక్కడికి పోతారులే అనుకున్నాను.

22న విమానాశ్రయానికి వెళ్ళాం. విమానం తలుపు దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకుని ఆగిపోయారు. వెనక జనం నిలిచిపోయారు. అక్కడున్న అమ్మాయి జాలిగా నాకేసి చూసి, “అమ్మగారికి భయమా అండీ?” అంది. నేను అలవాటుగా అవునని తల ఊపబోయాను.

“ఆవిడకి కాదమ్మా, నాకు” అన్నారు ఆయన. “ఎప్పుడూ నాకే. ముప్పై ఏళ్ళు ఆవిడ మీద పెట్టాను.”

అంత జనంలో, అంత గట్టిగా! నాకు కాళ్ళకింద నేల ఉందో లేదో తెలియలేదు. అరవై రెండుసార్లు చెమట పట్టకుండా విమానం దించినదాన్ని, ఆ ఒక్క మాటకి అక్కడే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఆయనే నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఒక్కో చప్పుడూ ఏమిటో చెప్పాను. దిగేటప్పుడు ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నారు. నేను చూశాను.

పెళ్ళి బాగా జరిగింది. టీచరు గారి అత్తగారు మాతోనే వచ్చారు, పెళ్ళికొడుకు వైపు వాళ్ళకంటే ఎక్కువ హడావిడి చేశారు. నీ ఉత్తరం రాకపోతే ఆయన టికెట్లు వాపసు ఇచ్చేసేవారే. నీ మేలు మరిచిపోను తల్లీ.

ఆశీస్సులతో,
మీ పిన్ని

తా.క.: మేమింకా దీవిలోనే ఉన్నాం. ఇక్కడి విమానాశ్రయంలో నిజం విమానం నేర్పే బడి ఒకటుంది. నిన్న వెళ్ళి పేరు రాయించుకున్నాను, రేపు ఉదయం ఎనిమిదింటికి మొదటి పాఠం. అది నాలుగు సీట్ల చిన్న విమానం. వెనక సీట్లు రెండూ ఖాళీగానే ఉంటాయన్నారు. ఒకదాంట్లో పెద్దావిడ కూర్చుంటానన్నారు. రెండోదాంట్లో ఆయన పేరు రాయించాను. ఈ సంగతి ఆయనకి ఇంకా తెలియదు.