మబ్బు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడిని మనసారా దీవించి అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, చిట్టీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది, పరీక్ష పేపరా? బడిలో భూగోళం పాఠాలు చెప్పీ చెప్పీ, చివరికి కన్నతల్లికి కూడా మొదలుపెట్టావన్నమాట. కాగితానికి ఒక పక్క మన ఊరు, రెండో పక్క ఈ ఊరు, మధ్యలో స్కేలు పెట్టి కొట్టిన గీత. పగలు వెచ్చదనం అక్కడెంత, ఇక్కడెంత, రాత్రి చలి ఎంత, ఆకాశం ఎన్నాళ్ళు మూసుకుని ఉంటుంది, అన్నీ పక్కపక్కనే పెట్టావు. అడుగున ఎర్ర సిరాతో, "రెండు ఊళ్ళ చలికాలమూ దాదాపు ఒక్కటే. మరి అక్కడి గాలి పడిందని, నొప్పులు తగ్గాయని, ఇంకొన్నాళ్ళు ఉంటానని ఎందుకు రాస్తున్నావమ్మా? మన ఊళ్ళో లేనిది ఆ ఊళ్ళో ఏముంది?" అని నిలదీశావు. మా రంగుల షెడ్డులో అమ్మాయిలకు చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వారు. నవ్వులో కొంచెం కొంటెతనం కూడా ఉంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మిగతా ప్రశ్నలు. స్వెట్టరు వేసుకుంటున్నాను. నువ్వు పంపిన తైలం రాసుకుంటున్నాను, వాసనకు పక్కగది ఆవిడ కిటికీ మూసుకుంటోంది. చిట్టి దగ్గుకు గోరువెచ్చటి నీళ్ళు తాగించు, దాని ఏడుపుకు లొంగకు, చిన్నప్పుడు నువ్వు దానికన్నా గట్టిగా ఏడ్చేదానివి. నా గది కిటికీ రెక్క అల్లుడుగారు బిగించారని రాశావు, ఆయన చేతి పని కాబట్టి ఈసారి తెరవడానికి రాదేమో కనుక్కో. నేనన్నానని చెప్పకు. పని విషయం అడిగావు కదా, ఒక్క చలికాలం నూలుకు రంగులద్దడం నేర్పి వచ్చేద్దామనుకున్నానా, ఈ అమ్మాయిలు నిజంగానే నేర్చుకున్నారు. ఇప్పుడు రంగు తొట్టి దగ్గర నన్ను కూర్చోబెట్టి వాళ్ళే చేస్తున్నారు.

ఇక నీ లెక్క. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తప్పు కాదు. రెండు చోట్లా స్వెట్టరు వేస్తే ఉక్క, తీస్తే వణుకు. కాకపోతే మన ఊరి మబ్బు బద్ధకపుది. పొద్దున్నే వచ్చి ఇంటి మీద చతికిలబడి మధ్యాహ్నం దాకా లేవదు, లేచాక మాత్రం మళ్ళీ రాదు. ఇక్కడి మబ్బుకు నిలకడ లేదు. విడిపోతున్నట్టే కనిపిస్తుంది, చిలపలుగా చుట్టిన తడి నూలు దండెం మీద ఆరేసి వెనక్కి తిరిగేలోపు తుంపర. తీయడం, ఆరేయడం, మళ్ళీ తీయడం, తల ప్రాణం తోకకొస్తుంది. దారాలకు రంగులద్దేదాన్ని కాబట్టి చెబుతున్నాను, మన ఊరి చలికాలమే మేలు. చూశావా, నీ వైపే తీర్పిచ్చాను. ఒక్కటి మాత్రం రెండు చోట్లా నాకిష్టం. మబ్బు వెలుగులో రంగు అబద్ధమాడదు. ఎండలో ప్రతి ఎరుపూ గొప్పలు పోతుంది, నీడపట్టున చూస్తేనే దాని అసలు సంగతి తెలుస్తుంది. అందుకే గుడ్డకూ దారానికీ జోడీ చూడాల్సి వస్తే నేను ఎప్పుడూ మబ్బు రోజు కోసం ఆగుతాను.

ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాస్తున్నానని నీకు అర్థమైపోయి ఉంటుంది. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ఆఁ?" అంటావు, నేను వెంటనే "ఏం లేదులే" అనేస్తాను. కాగితం మధ్యలో "ఆఁ" అనదు కదా.

మా షెడ్డు పైన నూలు ఆరేసే డాబా, ఆ డాబా మీదే ఒక గది. అందులో గొడుగులు బాగుచేసే ఆయన ఉంటారని ఇదివరకు ఒకసారి రాశాను. అమ్మాయిలు ఆయన్ను గొడుగుల మాస్టారంటారు. నా ఈడువారే. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. విరిగిన ఊచలు, చిరిగిన గుడ్డలు, ఒక స్టవ్వు, రెండు కప్పులు, ఇదీ ఆయన సంసారం. నేను వచ్చిన కొత్తలో పొద్దున్నే మెట్లు దిగుతూ షెడ్డులోకి తొంగిచూసి, "ఇవాళ బ్రహ్మాండంగా ఎండ కాస్తుందండీ, నిశ్చింతగా ఆరేసుకోండి" అన్నారు. ఆరేశాను, వాన పడింది. ఇద్దరం పరుగెత్తి తీశాం. మర్నాడు మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే వాన. గొడుగుల వ్యాపారంలో ఉన్న మనిషికి ఆకాశం సంగతి ఇంత తెలియకపోవడం ఏమిటా అని అమ్మాయిలు చెవులు కొరుక్కునేవారు.

ఒకరోజు గొడవైపోయింది. రంగు ఇంకా సరిగ్గా పట్టని ఎర్ర చిలపలు, పక్కనే తెల్లవి, రెండూ ఆయన మాట మీద ఆరేశాను. వాన దంచి కొట్టింది. మేము పైకి చేరేసరికి ఎరుపు తెలుపులోకి కారి, అంతా గులాబీ మచ్చలు. షెడ్డు యజమానురాలు వచ్చి నెత్తి కొట్టుకుంది. "తప్పు నాదేనమ్మా, ఎండొస్తుందని నేనే చెప్పాను" అని గొడుగుల మాస్టారు ముందుకొచ్చారు. నాకు ఉక్రోషం వచ్చింది. "ఆయన చెబితే మాత్రం? ఇన్నేళ్ళు నూలు ఆరేసినదాన్ని, ఏ మబ్బు కురుస్తుందో నాకు తెలీదా? తప్పు నాదే" అన్నాను. ఆయన కాదంటారు, నేను కాదంటాను. యజమానురాలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "సరే, మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి" అని నవ్వుకుంటూ దిగిపోయింది. అమ్మాయిలు కూడా ఆవిడ వెనకే జారుకున్నారు.

తడిసిన చిలప ఒక్కరు పిండితే నీళ్ళు పోవు. ఆ కొస ఆయన, ఈ కొస నేను పట్టుకుని మెలితిప్పుతున్నాం. ఉండబట్టలేక అడిగాను.

"ఇన్నాళ్ళలో ఒక్కరోజైనా వాన సంగతి సరిగ్గా చెప్పలేరా మీరు?"

"చెప్పగలను. చెబితే మీరు ఆరేయరు. ఆరేయకపోతే పైకి రారు."

"నాకు తెలీదనుకున్నారా?"

"తెలిసే ఆరేశారా?"

నా కొస ఇంకో మెలిక తిప్పాను. ఆయన చిలప వదలకుండా, తల వంచుకుని, "చలికాలం అయిపోయాక వెళ్ళిపోకండి. నాకు మీరు కావాలి. మీకిష్టమైతే పెళ్ళి చేసుకుందాం" అన్నారు. నా కొస జారిపోయింది, మెలికంతా విడిపోయి ఎర్రనీళ్ళు ఆయన మొహాన చిమ్మాయి. ఆ మొహం చూసి ఎంత నవ్వానో, నవ్వలేక డాబా గోడ పట్టుకుని కూర్చున్నాను. అలా నవ్వి ఎంత కాలమైందో గుర్తు లేదు తల్లీ.

అదీ సంగతి. నాకూ ఆయన ఇష్టం. ఈ వయసులో ఈ మాట కూతురికి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను. మోకాళ్ళ నొప్పి తగ్గింది గాలి వల్ల కాదు, రోజూ ఆ మెట్లు ఎక్కీ దిగీ.

మీ నాన్న గుర్తొచ్చి నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నాకూ గుర్తొస్తారు. మబ్బు పట్టిన పొద్దున దుప్పటి ముసుగు తన్ని, "ఇంకా తెల్లవారలేదే" అని నాతో వాదించేవారు కదా, ఇక్కడ ప్రతి ఉదయం ఆ మాటే వినిపిస్తుంది. మాస్టారికి ఆ సంగతి చెప్పాను. ఆయన వాళ్ళావిడ కబుర్లు చెప్పారు. మా మధ్య వాళ్ళిద్దరూ కూడా ఉన్నారు, ఎవర్నీ బయటికి పంపలేదు.

నలుగురూ ఏమనుకుంటారో అని నువ్వు బెంగపడకు, ఆ నలుగురికీ నేను జవాబు చెప్పుకుంటాను. నువ్వు వద్దంటే మానేస్తావా అని అడుగుతావేమో. నిజం చెప్పనా, మాననేమో. కానీ నా సంతోషం సగానికి సగం చచ్చిపోతుంది. అందుకే ఆయనకు ఇంకా ఔనని చెప్పలేదు. "మా అమ్మాయి వచ్చి మిమ్మల్ని చూడాలి" అన్నాను. అప్పట్నించీ ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. నీ ఎర్ర సిరా సంగతి విని భయపడ్డారు కూడా.

సెలవులివ్వగానే ముగ్గురూ కలిసి రండి. ఉత్తరంలో తిట్టకు, తిట్టాలంటే ఎదురుగా వచ్చి తిట్టు. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. మచ్చలు పడ్డ ఆ గులాబీ దారం యజమానురాలు నాకే ఇచ్చేసింది. దాంతో మాస్టారు చిట్టికి ఒక బుల్లి గొడుగుకు అంచు కుట్టారు. ఒక చోట ఎక్కువ ఎరుపు, ఒక చోట తక్కువ, కానీ మబ్బు వెలుగులో పెట్టి చూశాను, బాగుంది.

మీరు రైలు దిగే రోజు బ్రహ్మాండంగా ఎండ కాస్తుందని ఆయన చెప్పమన్నారు. అందుకని ఇద్దరం స్టేషనుకు గొడుగులు పట్టుకుని వస్తాం.

ఇట్లు,
నీ జవాబు కోసం గుండె పీచుపీచుమంటున్న
మీ అమ్మ